ఎనుము పాలు, కరక్కాయ, మా అమ్మ సాలీడు

మాది శ్రీకాళహస్తి అని చెప్పగానే ఎదుటివాళ్లు అడిగేవి రెండే. రాహుకేతు పూజకి ఏ టికెట్ తీసుకుంటే మంచిది? పూజ అయ్యాక ఎవరింటికీ వెళ్లకుండా నేరుగా సొంతింటికే పోవాలంటారు, నిజమేనా? హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఓపిగ్గా జవాబు చెప్పేదాన్ని. ఇప్పుడు దేవస్థానం వెబ్‌సైట్ చూసుకోండి అనేస్తున్నాను. పెళ్లి కుదరనివాళ్లు, పిల్లలు పుట్టనివాళ్లు, ఉద్యోగం నిలవనివాళ్లు తెల్లారేసరికి బస్సులు దిగుతూ ఉంటారు. అసలు జీవితం ఇంకా మొదలవ్వలేదని, ఈ దోషం ఒక్కటి పోతే మొదలవుతుందని వాళ్ల నమ్మకం. తప్పు పట్టను. నేను గుడికి వెళ్లకుండానే యాభై ఏళ్లదాకా అదే నమ్మకంతో ఉన్నాను.

ఎప్పుడో ఒకసారి మూడో ప్రశ్న కూడా వస్తుంది. "కలంకారీ చీరలు మీ ఊరివేగా? ఎనిమిది వందల్లో వస్తాయటగా, నాకు రెండు తెచ్చిపెట్టవా?" ఎనిమిది వందలకి వచ్చేది మిల్లు ప్రింటు. చెక్క అచ్చుల్ని రంగులో అద్ది గుడ్డ మీద వేసే కలంకారీ మచిలీపట్నం, పెడన వైపుది. మాది చేత్తో గీసేది. వెదురు పుల్లకి ఉన్నో గుడ్డో చుట్టి, ఒక్కో గీతా మనిషి కూర్చుని గీయాల్సిందే. ఈ మాత్రం మా ఊళ్లో పుట్టినవాళ్లందరికీ తెలుసు. అంతకుమించి తెలుసుకోవాల్సిన పని ఎవరికీ పడదు. చిన్నప్పుడు స్వర్ణముఖి ఏటి ఇసుకలో బారెడు గుడ్డలు ఆరేసి ఉంటే, వాటిమీద కాలు పడకుండా పక్కనుంచి పరిగెత్తేవాళ్లం. మా సంబంధం అంతవరకే.

ఆ గుడ్డల దగ్గరికి నన్ను తీసుకెళ్లింది కళాభిమానం కాదు, కాఫీ.

అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. తిరుపతిలో ఆపరేషన్ అయ్యాక ఇంటికి తెచ్చాం. చెల్లెలు డాలస్‌లో ఉంది, కాబట్టి నేనే రావాలి. ఆఫీసువాళ్లు కొన్నాళ్లు ఇంటి నుంచి పని చేసుకోమన్నారు. పొద్దున ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి అమ్మ చేత నాలుగు అడుగులు వేయించి, నాలుగు తిట్లు తిని వెళ్లేవాడు. అమ్మకి కాళ్లు లేవలేదు గానీ నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఆ నోటికి రోజూ దొరికినవాడు పాలబ్బాయి. ఆలస్యంగా వస్తాడు, వచ్చినా తక్కువ పోస్తాడు.

"అడిగితే అయిపోయినాయంటాడు. ఎనుము పాలన్నీ ఆ బొమ్మలోళ్ల ఇంట్లో పోసి వస్తా ఉండాడు. మనుషులకి కాఫీకి లేకపోయినా పరవాలేదు, గుడ్డకి మాత్రం చిక్కటి పాలు కావాలంట!" అని అమ్మ ఒకరోజు గొడవ పెట్టుకుంది.

గుడ్డకి పాలెందుకో చూద్దామని ఆ మధ్యాహ్నం, అమ్మ నిద్రపోయాక, రెండు సందుల అవతల ఉన్న ఆ ఇంటికి వెళ్లాను. వసారాలో ఒకావిడ దుప్పటి మడత మీద గుడ్డ పరుచుకుని గీస్తోంది. వయసులో నాకంటే కాస్త పెద్ద. తలెత్తకుండానే "రామ్మా, కూర్చో. చీరా, దుపట్టానా?" అంది. ఏమీ వద్దు, పాలు ఏం చేస్తారో చూద్దామని వచ్చానన్నాను. అప్పుడు తలెత్తింది. "మీ అమ్మ పంపించిందా?" అని పకపకా నవ్వింది. మా అమ్మ గొంతు రెండు సందుల అవతలికి కూడా వినబడుతుందన్నమాట.

పాల సంగతి ఇది. గాడా అనే ముతక నూలు గుడ్డని ముందు పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరేసి గంజి, మురికి పోగొడతారు. కరక్కాయల్ని దంచి పొడి చేసి నీళ్లలో కలిపి వడగట్టి, అందులో చిక్కటి ఎనుము పాలు పోస్తారు. ఆ పాలలో గుడ్డ ముంచి, అంతటా సమానంగా పట్టేలా పిండి మళ్లీ ఆరేస్తారు. పాలలో వెన్న శాతం తక్కువైతే గీసిన గీత పోగుల వెంట పాకిపోతుంది. అందుకే ప్యాకెట్ పాలు పనికిరావు. కరక్కాయ పని వేరు. దానిలోని వగరు గుడ్డలోకి దిగి కూర్చుంటుంది, తర్వాత ఇనుము తగలగానే నల్లబడుతుంది. అంటే రంగు సగం గుడ్డలో ఉంటుంది, సగం కలంలో ఉంటుంది.

ఇది చెప్తూ ఆవిడ కలం ముంచి ఒక గీత గీసింది. నల్ల గీతలకి వాడే ఇనుప నీళ్లని కసిం అంటారు. కుండలో చూస్తే ఆ నీళ్లు బెల్లం పానకంలా ఉన్నాయి. గుడ్డ మీద పడుతూనే గోధుమరంగు కాస్తా బూడిదరంగయి, ఆవిడ చెయ్యి తీసేలోపే నల్లగా మారింది. నేను ఇంకో గీత గీయమన్నాను. మళ్లీ ఒకటి. చిన్నపిల్లలా అడుగుతున్నానని తెలుస్తూనే ఉంది.

"రేపు రా, నువ్వే గీస్తువు" అంది.

మర్నాడు వెళ్లాను. ఆవిడ్ని అక్కా అని పిలవడం రెండో రోజుకే వచ్చేసింది. అక్క నాకు మొదట ఇచ్చింది కలం కాదు, బొగ్గు. చింత పుల్లల్ని కాల్చి, పూర్తిగా బూడిద కాకముందే ఆర్పేస్తే వచ్చే బొగ్గు. దాంతో బొమ్మ గీసుకుంటే తర్వాత దులిపితే పోతుంది. బొమ్మంటే సీతారాములు కాదు, మామిడి పిందెలు. ఆ తర్వాత తీగ. తీగకి ఆకులు. చిలక ముక్కు. అక్క భర్త, నేను అన్నా అని పిలిచే ఆయన, అటుగా వెళ్తూ నా చిలకని చూసి "కాకి బాగుంది" అని వెళ్లిపోయేవాడు.

కలం చెయ్యడం కూడా అక్కే నేర్పింది. వెదురు పుల్ల చివర సన్నగా చెక్కి, కొన నుంచి కొంచెం పైగా పాత ఉన్ని గుడ్డ చుట్టి, దారంతో బిగించాలి. ఆ చుట్టిన ముద్ద కసిం పీల్చుకుంటుంది, వేళ్లతో మెల్లగా నొక్కుతుంటే కొనలోంచి దిగుతుంది. గీతలకి సన్న కొన, రంగు నింపడానికి మొద్దు కొన. పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటే రాదు. దాన్ని దాదాపు నిలువుగా పట్టుకుని మణికట్టు కాదు, చెయ్యి మొత్తం కదపాలి. నొక్కుడు ఎక్కువైతే చుక్క పడుతుంది. కసిం చుక్క పడిందంటే ఇక పోదు. అలా పడిన చుక్కని కళాకారులు పువ్వుగా మార్చేస్తారని ఎక్కడో చదివాను. అక్కనడిగితే, "సీతమ్మ ముఖం మధ్యలో పడితే పువ్వేం పెడతావు? ఆ ముక్క కోసి సంచి కుట్టుకోవడమే" అంది.

కసిం తయారీకి తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, లాడాలు, మేకులు, బెల్లం, నీళ్లు కావాలి. కుండలో పోసి మూతికి గుడ్డ కట్టి మూడు వారాలు అలా వదిలేయాలి. ఇనుముని ముందు నిప్పులో కాల్చి తుప్పు రాల్చుతారు. రోజూ ఒకసారి కర్రతో కలుపుతారు. పైన నురుగు కడుతుంది, పుల్లటి వాసన వస్తుంది. ఆ వాసన కొత్తవాళ్లకి భరించడం కష్టమే. కొన్నాళ్లకి అది రాకపోతే ఏదో తక్కువైనట్టుంటుంది. అసలైన కాళహస్తి గుడ్డని కొనేవాళ్లు గుర్తుపట్టే పద్ధతి కూడా ముక్కుతోనే. కొత్త గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుంటే పాలు, కరక్కాయ కలిసిన పాత వాసన వస్తుంది. ఇంకో గుర్తు గీత. ఒకే ఆకు రెండుచోట్ల అచ్చు ఒకేలా ఉంటే అది మిషన్ పని.

అక్కవాళ్ల ఇంట్లో ఆ సమయానికి ఒక పెద్ద ఆర్డరు నడుస్తోంది. గోడంత రామాయణం గుడ్డ. మధ్యలో పట్టాభిషేకం, చుట్టూ వరుసలు వరుసలుగా కథ. వరుసకీ వరుసకీ మధ్య సన్నటి పట్టీ వదిలి, అందులో ఏ ఘట్టమో తెలుగులో రాస్తారు. పాత గుడ్డల్లో కూడా ఇదే పద్ధతి. గుళ్లో దేవుడి వెనక తెరగానో, రథం మీదో కట్టినప్పుడు, కథ చెప్పేవాళ్లు ఒక్కో బొమ్మా చూపిస్తూ చెప్పుకుపోయేవాళ్లట. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 19వ శతాబ్దం నాటి కాళహస్తి రామాయణం గుడ్డ ఉంది. దాని ఫొటో ఫోన్‌లో అన్నకి చూపిస్తే రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. "ఎరుపు మా తాతల కాలం ఎరుపు" అన్నాడు. కాసేపాగి, "ఇంత బాగా వేసినోడి పేరు ఉండాదా కింద?" అని అడిగాడు.

పేర్లు నిలవని పని ఇది. గుడి ఖర్చు తగ్గి, మిల్లు గుడ్డ పెరిగి, ఒక దశలో మా ఊళ్లో దాదాపు ఆగిపోయింది. 1950ల చివర్లో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టాక మళ్లీ పది చేతులకి పాకింది. ఇప్పుడు ఊళ్లో గీస్తున్న చాలామందిని అడిగితే, వాళ్ల గురువో, గురువుగారి గురువో ఆ కేంద్రంలో నేర్చుకున్నవాళ్లే. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి గారి పేరు చెప్పకుండా ఇక్కడ ఎవరూ కలం గురించి మాట్లాడరు. మగవాళ్ల పని అనుకున్నది ఇప్పుడు చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతుల్లో ఉంది. అక్క ఇంట్లో కూడా బయటికి వినబడే పేరు మాత్రం అన్నదే. రంగు నింపేది, ముఖాలు తీర్చేది అక్క. ఆ మాట అన్నే ఒప్పుకుంటాడు, కస్టమర్లు లేనప్పుడు.

ఒకరోజు అక్క నా చేతికి ఆ రామాయణం గుడ్డ అంచు ఇచ్చింది. "నువ్వు చదువుకున్నదానివి కదా, అక్షరాలు నువ్వు రాయి." నాకు టెన్షన్ మొదలైంది. అది వాళ్ల నెలల కష్టం. వద్దన్నా వినలేదు. 'అశోకవనమున సీత' అని రాయాలి. తెలుగు అక్షరం కలానికి ఎంత సులువో అప్పుడు తెలిసింది. మన అక్షరాలన్నీ గుండ్రాలే, నొక్కుడు ఆపకుండా తిప్పుకుంటూ పోవచ్చు. తలకట్టు దగ్గర మాత్రం చెయ్యి ఆగాలి. 'శో' దగ్గర ఊపిరి బిగబట్టి, 'సీత' దాటాక వదిలాను. ఆ గుడ్డ ఎక్కడికో విదేశాలకి వెళ్లింది. అక్కడ ఎవరూ దాన్ని చదవలేరు. అయినా ఆఫీసులో రాసిన వేల మెయిళ్లలో ఒక్కటీ అంత జాగ్రత్తగా రాయలేదు.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తాను. యాభై నిండినప్పుడు మా ఆఫీసు స్నేహితురాళ్లందరం కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. జీవితాన్ని నిండుగా బతకాలి, ఇక వాయిదాలు లేవు అని. కేదార్‌నాథ్, లద్దాఖ్, స్విట్జర్లాండ్, సముద్రంలో దూకడం, ఒంటరిగా ఒక్క ట్రిప్. నా ఫోన్‌లోనూ ఆ జాబితా ఉంది, కొన్నిటికి టిక్కులు కూడా పడ్డాయి. వాటిని తీసిపారేయను. లద్దాఖ్‌లో రాత్రి చూసిన చుక్కలు ఇప్పటికీ కళ్లలోనే ఉన్నాయి. కానీ ఆ చుక్కల కింద నిలబడినప్పుడు కూడా మనసులో ఒక మూల, తర్వాతి ట్రిప్ సెలవులు ఎలా సర్దాలా అన్న లెక్క నడుస్తూనే ఉంది. టిక్కు పెట్టడానికి వెళ్లినచోట మనిషి మొత్తంగా ఉండటం కష్టం.

అక్క వసారాలో ఆ లెక్క నడవదు. అది అక్కడి ప్రశాంతత వల్ల కాదు. ప్రశాంతత అసలు లేదు, పక్కింటి టీవీ, గుడి మైకు, ఆటోలు. నడవకపోవడానికి కారణం పని. పటిక పూసినచోట ఒక రోజు ఆగాలి. కసిం మూడు వారాలు ఊరాలి. పాలు తాగించిన గుడ్డ ఎండితేగాని చెయ్యి పెట్టకూడదు. దేన్నీ తొందరపెట్టలేం కాబట్టి తర్వాతిదాని గురించి ఆలోచించి ఉపయోగం లేదు. మిగిలింది చేతిలో ఉన్న ఆకు ఒక్కటే.

దీన్ని ఎవరైనా గొప్ప జీవన విధానం అంటే మాత్రం అక్క ఊరుకోదు. ఆవిడ బొటనవేలి కణుపు వాచి ఉంటుంది. పొద్దు వాలితే నగల మీది సన్న చుక్కలు కనబడవు. అన్నకి మోకాళ్లు పట్టేస్తాయి. పాలు, కరక్కాయ, కట్టెలు అన్నిటి ధరలూ పెరిగాయి, షాపువాడు ఇచ్చే రేటు పెరగలేదు. కొడుకు గీత బ్రహ్మాండంగా వేసేవాడట. ఇప్పుడు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో చేస్తున్నాడు, నెల జీతం, కంపెనీ బస్సు. "వాడు వెళ్లిందే మంచిది" అంటుంది అక్క. అన్న ఏమీ అనడు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. నాకిది సరదా, మీకు బతుకుదెరువు, నేనొచ్చి ఇక్కడ కూర్చుంటే మీకు చికాకు అనిపించదా అని. అక్క రంగు నింపుతూనే, "నువ్వు సంతోషానికి వేస్తా ఉండావు, మేము ఆర్డరుకి వేస్తా ఉండాము. ఆర్డరుకి వేసేటప్పుడు సంతోషం ఉండదని నీకెవురు చెప్పినారు?" అంది. తర్వాత, "అయినా నువ్వు కూర్చుంటే పాలబ్బాయి మీ అమ్మకి భయపడి సరిగ్గా పోస్తా ఉండాడు" అని కలిపింది.

ఆ రోజుల్లోనే ఊరు కూడా కొత్తగా తిరిగాను. గుళ్లో క్యూలో నిలబడకుండా, స్తంభాల కోసమే వెళ్లాను. స్తంభాల మీది తీగలు, అక్క గుడ్డ మీది తీగలు ఒకటే వరస. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం 2010 మే 26 రాత్రి కూలిపోయినప్పుడు నేను హైదరాబాద్‌లో టీవీలో చూశాను. అమ్మ ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉంది. 2017లో కొత్తది లేచింది. కొత్తదాన్ని అమ్మ ఇప్పటికీ 'కొత్తది' అనే అంటుంది, మెచ్చుకోదు, తిట్టదు. ఒక ఆదివారం కొయ్య బొమ్మలు చెక్కే మాధవమాలకి వెళ్లొచ్చాను. అక్కడ ఉలి దెబ్బలు వింటూ కూర్చుంటే ఇంకో జన్మ కావాలనిపించింది. దాని గురించి రాయాలంటే వేరేగా రాయాలి.

నా సొంత గుడ్డ విషయానికొస్తే, ఏం వెయ్యాలో తేల్చింది అమ్మ. మంచం మీద నుంచి. నేను కన్నప్ప వేద్దామనుకున్నాను. "అందరూ వేసేదే కదే, కన్ను పీక్కోవడం చూడలేక చస్తా" అంది. సరే, స్థలపురాణమే వేస్తానన్నాను. ఏనుగు, పాము, సాలీడు ముగ్గురూ కొలిచిన లింగం.

"సాలీడు ముందు వెయ్యి. పెద్దదిగా వెయ్యి. ఏనుగు నీళ్లు పోసింది, పాము మణులు పెట్టింది. గుడి కట్టింది సాలీడు కదా. ఏ బొమ్మలోనైనా దాన్ని మూలకి తోసేస్తారు."

అక్కకి చెప్తే కాసేపు ఆలోచనలో పడింది. కలంకారీ ముఖాలన్నిటికీ ప్రాణం పెద్ద పెద్ద కళ్లే. సాలీడుకి కళ్లెక్కడ పెట్టాలి? నగలు వెయ్యాలా? ఏనుగుకి గజ్జెలు, పాముకి పడగ మీద రత్నం ఉన్నప్పుడు దీన్ని బోసిగా ఎలా వదిలేస్తాం? చివరికి అక్క బొగ్గుతో రెండు చేపకళ్లు పెట్టి, కాళ్లకి ముత్యాల వరుసలు వేసి చూపించింది. పెళ్లికి ముస్తాబైన సాలీడు. నేను దాని గూడు గీశాను. పోగు తర్వాత పోగు, లింగం మీద గోపురంలా. సన్న గీతలు అన్నేసి ఒకేచోట వేసేసరికి చెయ్యి కుదురుకుంది. అన్న చూసి ఈసారి ఏమీ అనలేదు. దాన్ని మెచ్చుకోలు కింద రాసుకున్నాను.

గుడ్డ తెచ్చి అమ్మకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని లెక్కపెట్టింది. "ఏడే కాళ్లు ఉండాయి."

"ఎనిమిదోది లింగం వెనక ఉందమ్మా."

"కనబడకపోతే లేనట్టే" అంది. అక్క ఆ కాలి కొనని లింగం పక్కనుంచి కొంచెం బయటికి లాగింది.

గీతలయ్యాక ఎర్రబడాల్సినచోట పటిక నీళ్లు పూయాలి. వాటికి రంగుండదు. తడి ఉన్నంతసేపే ఎక్కడ పూశామో తెలుస్తుంది, ఆరిందా ఇక గుర్తుపెట్టుకోవడమే. అక్క వెలుతురు పక్కనుంచి పడేలా గుడ్డని వాల్చి పట్టుకుని, తడి మెరుపు పోయేలోపు అంచుదాకా లాగేస్తుంది. నాకు ఒక్క ఏనుగు అంబారీకే పూట పట్టింది.

ఆ తర్వాత ఉతుకు. పారే నీళ్లలో ఉతకాలి. నిలవ నీళ్లలో ముంచితే గుడ్డని పట్టుకోని పటిక ఊడొచ్చి, తెల్లగా ఉండాల్సినచోట అంటుకుంటుంది. స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే కాబట్టి ఇప్పుడు చాలామంది మోటారు పెట్టి సిమెంటు తొట్టిలోంచి నీళ్లు పారిస్తున్నారు. అక్క మాత్రం, "నీకేం తొందర, ఏరు రానీ" అంది. కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. ఒకరోజు పాలబ్బాయే చెప్పాడు ఏరొచ్చిందని. మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి గుడ్డని పరిచి పట్టుకుంటే, దాన్ని లాక్కుపోవాలని ఏరు, వదలకూడదని నేను. చుట్టూ ఇంకో నాలుగు ఇళ్లవాళ్లు గుడ్డలు జాడిస్తున్నారు. రామాయణాలు, జీవవృక్షాలు, దుపట్టాలు అన్నీ ఒకే నీళ్లలో.

ఉడకబెట్టడం అక్క పెరట్లో. రాగి డేగిసాలో నీళ్లు, ఎరుపు కోసం చవలకొడి వేరు, మంజిష్ఠ పొడి. కింద కట్టెల మంట. గుడ్డ వేసి కర్రతో పైకీ కిందికీ తిప్పుతూనే ఉండాలి, ఆగితే మచ్చలు. పొగకి కళ్లు మండుతుంటే అక్క కర్ర నా చేతికిచ్చి పక్కకి తప్పుకుంది. మొదట గుడ్డంతా ఒకటే లేత గులాబీ. నీళ్లు మరిగేకొద్దీ పటిక తాగినచోట్లు విడిపోవడం మొదలుపెట్టాయి. అంబారీ ఎర్రబడింది. పాము పడగ అంచు ఎర్రబడింది. నెలక్రితం నేను ఎక్కడెక్కడ చెయ్యి పెట్టానో, ఎక్కడ తొందరపడ్డానో, ఎక్కడ కూర తిరగమోత గుర్తొచ్చి లేచిపోయానో అంతా పైకి తేలింది. సాలీడు ఒంటి మీద ఎరుపు ఒకపక్క కొంచెం పలచగా వచ్చింది. "బతికుండే దానికి అన్ని పక్కలా ఒకటే రంగు ఉంటుందా ఏంది" అంది అక్క, కర్ర వెనక్కి తీసుకుంటూ. నేను కళ్లు తుడుచుకున్నాను. పొగే.

మిగిలిన పని చాలానే ఉంది. గులాబీ ఛాయ పోయేదాకా పేడనీళ్లలో ముంచి, ఇసుక మీద ఎండలో పరిచి, నీళ్లు చల్లుతూ తెల్లబరచడం. మళ్లీ పాలు. కరక్కాయ పువ్వు ఉడికించిన పసుపు. నీలిమందు. పసుపు మీద నీలం వేస్తే ఆకుపచ్చ. నీలం ఎవరికి వెయ్యాలన్న దగ్గర అమ్మకీ అక్కకీ ఫోన్‌లో వాదన జరిగింది. లింగానికి వెయ్యాలని అమ్మ, ఆకాశం వదిలేసి లింగానికి వేస్తే కాటుక ముద్దలా ఉంటుందని అక్క. ఇద్దరూ తగ్గలేదు. నేను ఎవరి పక్షం వహించినా ఆ పూట కాఫీ రాదు కాబట్టి పసుపు పని పెట్టుకుని కూర్చున్నాను.

అమ్మ ఇప్పుడు వాకర్‌తో వీధి గుమ్మందాకా నడుస్తోంది. నేను హైదరాబాద్ వచ్చేశాను, నెలకోసారి రైలెక్కుతున్నాను. ఫ్లాట్ బాల్కనీలో కసిం కుండ పెట్టాను. పుల్లటి వాసన వస్తోందని అసోసియేషన్ సెక్రటరీ వచ్చి చూసి, మేకులు నానబెట్టుకుంటున్నానని చెప్తే ఇంకేమీ అడక్కుండా వెళ్లిపోయాడు. వాట్సాప్ గ్రూపులో జనవరిలో కొత్త ట్రిప్ అంటున్నారు. వెళ్తానేమో, తేదీలు చూడాలి. రెండో గుడ్డ గీతలు పూర్తయ్యాయి, పటిక కూడా పూశాను. ఉడకబెట్టడానికి ఎప్పుడు రమ్మంటావని అక్కకి ఫోన్ చేస్తే, వానకి కట్టెలన్నీ తడిసిపోయినాయి, రెండు వారాలు ఆగి రా, వచ్చేటప్పుడు అక్కడి మార్కెట్లో మంజిష్ఠ రేటు కనుక్కునిరా అంది.